చింపాంజీకి వియ్యంకులుండరు

ఉగాండాలో విక్టోరియా సరస్సు మధ్య ఎన్గాంబా అనే చిన్న ద్వీపం ఉంది. వేటగాళ్ల వల్ల తల్లుల్ని పోగొట్టుకున్న చింపాంజీ పిల్లలకు అది ఆశ్రయం. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అక్కడి పిల్ల చింపాంజీలకు ఒక పెట్టె చూపించారు. పెట్టె పైభాగాన ఒక రంధ్రం, దానికి గడియ. ముందువైపు చిన్న తలుపు, ఆ తలుపు వెనక తినుబండారం. మనిషి ఒక కర్ర తీసుకుని ముందుగా పై గడియను తప్పిస్తాడు, ఆ రంధ్రంలో రెండు మూడుసార్లు పొడుస్తాడు, ఆ తర్వాత ముందు తలుపు తెరిచి అదే కర్రతో తిండిని బయటికి లాగుతాడు. పెట్టె నల్లగా, లోపల ఏముందో కనపడకుండా ఉన్నప్పుడు చింపాంజీలు చూసినవన్నీ చూసినట్టే చేశాయి. తర్వాత అలాంటిదే అద్దంలా లోపలంతా కనిపించే పెట్టె ఇచ్చారు. పై రంధ్రానికీ తిండికీ మధ్య ఒక పలక అడ్డుగా ఉందనీ, పైన ఎంత పొడిచినా దండగేననీ ఇప్పుడు తెలిసిపోతోంది. చింపాంజీలు ఎక్కువగా పైపని మానేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లాయి. మూడు నాలుగేళ్ల వయసున్న స్కాట్లాండ్ పిల్లలు మాత్రం, పలక కళ్లెదుటే ఉన్నా, ముందు గడియ తప్పించి, రంధ్రంలో శ్రద్ధగా పొడిచి, ఆ తర్వాతే తలుపు తెరిచారు.

2005లో ఈ ఫలితాలు అచ్చయినప్పటి నుంచి దీన్ని రకరకాలుగా మళ్లీ చేసి చూశారు. పిల్లలు అనవసరమైన పనిని కూడా అనుకరించడం మానలేదు. మొదటిసారి చదివినవారికి చింపాంజీయే తెలివైనదనిపిస్తుంది, ఆ పెట్టె వరకు అది నిజం కూడా. అయితే గత అరవై ఏళ్లుగా నరవానరాల మీద జరిగిన పరిశోధనను ఈ పెట్టె పక్కన పెట్టి చూస్తే, మనకూ వాటికీ ఉన్న తేడాను ఒక్కొక్కరి బుర్రలో వెతకడం కంటే, ఎదుటివారి మీద ఎంత భారం వేయగలమన్నదానిలో వెతకడం మేలని నాకు అనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ దారిలోనే సాగుతుంది.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగులో తోక ఉన్నదీ కోతే, తోక లేనిదీ కోతే. “కోతి నుంచి మనిషి పుట్టాడు” అని బడిలో విన్న వాక్యం అందుకే మన మనసులో వేపచెట్టు మీది కోతిని నిలబెడుతుంది. పుస్తకాల్లో వాడే ‘నరవానరం’ అన్న మాట కొంత నయం. చింపాంజీ, దాన్నే పోలి ఉండే బొనొబో, గొరిల్లా ఆఫ్రికా అడవులవి. ఒరంగుటాన్ సుమత్రా, బోర్నియో దీవులది. మన దేశంలో సహజంగా బతికే నరవానరం ఈశాన్య రాష్ట్రాల్లోని హూలక్ గిబ్బన్ ఒక్కటే, అదీ చిన్న నరవానరాల కోవలోది. ఇవేవీ మన పూర్వీకులు కావు, దాయాదులు. మనకూ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవి. అప్పటి నుంచి మనం మారినట్టే అవీ మారుతూ వచ్చాయి. ఇంకో సంగతి వినడానికి వింతగా ఉంటుంది: చింపాంజీకి గొరిల్లా కంటే మనిషే దగ్గరి చుట్టం.

2005లోనే చింపాంజీ జన్యుపటం వెలువడింది. రెండు జన్యుపటాల్లో సరిపోల్చగలిగిన అక్షరాలను పక్కపక్కన పెడితే తేడా సుమారు 1.2 శాతం. మధ్యలో చేరిన ముక్కలు, రాలిపోయిన ముక్కలు కూడా లెక్కేస్తే ఆ తేడా చాలా పెరుగుతుంది. అందుచేత “మనం తొంభై తొమ్మిది శాతం చింపాంజీలం” అనే మాటలో అబద్ధం లేకపోయినా, ప్రవర్తన గురించి అది చెప్పేది దాదాపు శూన్యం. బంధుత్వాల లెక్కలో తొందరపడితే ఏమవుతుందో మన శివాలిక్ కొండలే చెబుతాయి. అక్కడ దొరికిన దవడ ముక్కకు 1930ల్లో రామాపిథెకస్ అని పేరు పెట్టారు, కొన్ని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దాన్ని మానవ వంశానికి ఆదిగా చూపించాయి. 1980ల నాటికి మెరుగైన శిలాజాలు దొరికాక అది శివాపిథెకస్‌లో కలిసిపోయింది, ఆ శివాపిథెకస్ ఒరంగుటాన్ వైపు బంధువని తేలింది. రాముడు శివుడిలో లీనమయ్యాడని అప్పటి విద్యార్థులు నవ్వుకునే ఉంటారు.

ఇక పనిముట్లు. 1960 జూలైలో ఇరవై ఆరేళ్ల జేన్ గూడాల్ చింపాంజీలను పరిశీలించడానికి తూర్పు ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు ఒడ్డునున్న గోంబే అడవికి చేరింది. ఆ ఏడాది నవంబరులో, డేవిడ్ గ్రేబియర్డ్ అని ఆమె పేరు పెట్టుకున్న మగ చింపాంజీ చెదపుట్ట దగ్గర కూర్చుని, గడ్డిపరకను రంధ్రంలోకి దూర్చి, దాన్ని కరిచి పట్టుకున్న చెదపురుగులతో సహా బయటికి తీసి నాకడం చూసింది. ఆకులున్న కొమ్మైతే ఆకులు దూసి పుల్లగా చేసుకోవడం కూడా చూసింది. ‘పనిముట్టు చేసేవాడే మనిషి’ అన్నది అప్పటి నిర్వచనం. ఆమెను అక్కడికి పంపిన మానవ శిలాజాల పరిశోధకుడు లూయీ లీకీ, ఇప్పుడిక పనిముట్టుకో మనిషికో అర్థం మార్చాలి, లేకపోతే చింపాంజీలను మనుషులుగా ఒప్పుకోవాలి అని బదులిచ్చాడు. గడుసైన మాటే. అయితే ఆ రోజు నుంచి ఈ రంగానికి ఒక అలవాటు అంటుకుంది. మనిషికి మాత్రమే సొంతమని ఒక గీత గీయడం, ఏదో ఒక చింపాంజీ దాన్ని దాటడం, గీతను ఇంకాస్త వెనక్కి జరపడం. ఈ ఆటలో రెండు పక్షాలూ గెలిచినట్టే కనిపిస్తాయి, తెలిసేది మాత్రం తక్కువ.

గోంబే కంటే ఎక్కువ నేర్పేది ఐవరీ కోస్ట్‌లోని టాయీ అడవి. అక్కడి చింపాంజీలు రాయంత గట్టి గింజలను పగలగొట్టి తింటాయి. పైకి వచ్చిన చెట్టువేరు దాగలి, రాయో బరువైన కర్రముక్కో సుత్తి. గింజను వేరు మీది గుంటలో సరిగ్గా నిలబెట్టాలి, దెబ్బ బలంగా పడాలి, కాని పప్పు నుజ్జవకూడదు. పిల్లలకు ఈ పని పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. తల్లి తన సుత్తినీ గింజలనూ పిల్ల దగ్గర వదిలి పక్కకు వెళ్లడం అక్కడ మామూలే. అక్కడ పరిశోధన చేసిన క్రిస్టొఫ్ బోష్ ఒకసారి చూసిన దృశ్యం ఇంకా ముందుకు వెళ్తుంది. నీనా అనే పిల్ల, వంకర ఆకారంలో ఉన్న సుత్తిని ఎలా పట్టుకోవాలో తెలియక దాన్నీ, గింజనూ, తననూ అటూ ఇటూ తిప్పుకుంటూ అవస్థపడుతోంది. రిక్కీ అనే దాని తల్లి వచ్చి, సుత్తిని చేతిలోకి తీసుకుని, పిల్ల చూస్తుండగా దాదాపు నిమిషం పాటు నెమ్మదిగా తిప్పి సరైన పట్టు దగ్గర ఆపింది. తర్వాత కొన్ని గింజలు కొట్టి వెళ్లిపోయింది. నీనా అదే పట్టుతో మళ్లీ మొదలుపెట్టింది. ఇన్నేళ్ల పరిశీలనలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చింపాంజీ పిల్ల నేర్చుకునేది ఎక్కువగా చూసి, తంటాలు పడి. ఎవరో కూర్చోబెట్టి నేర్పితే కాదు.

ఆ దేశంలోనే సస్సాండ్రా నదికి తూర్పున గింజలూ ఉన్నాయి, రాళ్లూ ఉన్నాయి, కాని అక్కడి చింపాంజీలు గింజలు పగలగొట్టవు. 1999లో ఆఫ్రికాలోని ప్రధాన దీర్ఘకాల పరిశోధన కేంద్రాలు తమ లెక్కలను కలిపి చూసుకుంటే, ఒకచోట వాడుకలో ఉండి, పరిస్థితులు అనుకూలంగానే ఉన్నా ఇంకోచోట కనిపించని అలవాట్లు 39 తేలాయి. దీన్ని సంస్కృతి అనడానికి ఇప్పుడు పెద్దగా ఎవరూ జంకరు. అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది. టాయీలో తవ్వకాల్లో 4,300 ఏళ్ల నాటి చింపాంజీ సుత్తిరాళ్లు దొరికాయి. ఆ రాయికీ నేటి రాయికీ తేడా లేదు. కాంగోలోని గువాలూగో అడవిలో చింపాంజీలు లావు కర్రతో చెదపుట్టకు బొక్కపెట్టి, కొసను కుంచెలా నమిలిన సన్నపుల్లతో పురుగులు తీస్తాయి, కాబట్టి ఒకదాని మీద ఒకటి చేరడం బొత్తిగా లేదనలేం. అయినా ఆ 4,300 ఏళ్లలో రోకలి నుంచి రైసుమిల్లు దాకా వచ్చినవాళ్లతో పోలిస్తే అది గీతలో చుక్క.

పెట్టె ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. ఆవకాయ పెట్టే ఇంట్లో పెరిగినవారికి దీన్ని వివరించనక్కరలేదు. ముక్కకు తడి తగలకూడదు, జాడీ ఎండలో ఎండాలి, తడి గరిటె ముంచకూడదు, నూనె పైకి తేలాలి. సూక్ష్మజీవి అన్న మాట పుట్టకముందే తరతరాలు ఈ వరసను తప్పకుండా పాటించాయి. ఎందుకని అడిగి, కారణం కళ్లకు కనపడని ప్రతి మెట్టునూ దాటేసి ఉంటే పచ్చడి ఆషాఢానికే బూజు పట్టేది. మనిషి సాంకేతిక జ్ఞానంలో అధిక భాగం ఇలాంటి నల్లపెట్టెల్లోనే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో తెలియని పనిని పెద్దలు చేసినట్టే చేసేవాడికి మేలు, తెలివిగా కుదించేవాడికి నష్టం. అయితే ఆ జాడీతోపాటే, బయటచేరిన ఆడవాళ్లు దాన్ని తాకకూడదన్న నిషేధం కూడా అంతే శ్రద్ధగా, అంతే ప్రశ్న లేకుండా తరాలు దాటింది. ఏ మెట్టు పనికొచ్చేదో, ఏది రంధ్రంలో ఊరకే పొడవడమో అనుకరించేవాడికి తెలియదు. స్కాట్లాండ్ పిల్లల గుణం మనకు జాడీనీ ఇచ్చింది, నిషేధాన్నీ ఇచ్చింది.

ఒంటరి బుర్రను కొలిస్తే తేడా ఎంత తక్కువగా కనిపిస్తుందో 2007లో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు చూపించారు. 106 చింపాంజీలకు, 32 ఒరంగుటాన్లకు, రెండున్నరేళ్ల వయసున్న 105 మంది పిల్లలకు ఒకే రకం పరీక్షల వరస పెట్టారు. వస్తువు ఎక్కడ దాగింది, ఏ రాశి పెద్దది, ఏ పుల్లతో లాగితే తిండి వస్తుంది వంటి వాటిలో పిల్లలూ చింపాంజీలూ ఇంచుమించు సమానం. ఇతరులు చేసి చూపించినదాన్ని నేర్చుకోవడం, వారి సైగను బట్టి గ్రహించడం దగ్గరకు వచ్చేసరికి పిల్లలు చాలా ముందుకు వెళ్లిపోయారు. అదే ఏడాది జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధన సంస్థలో అయుము అనే కుర్ర చింపాంజీ, తెర మీద సెకనులో ఐదో వంతు కాలం మెరిసి మాయమైన అంకెల స్థానాలను గుర్తుంచుకుని వరసగా తాకడంలో విశ్వవిద్యాలయ విద్యార్థులను ఓడించింది. బాగా సాధన చేసిన మనుషులు తర్వాత దాన్ని అందుకున్నారన్నది నిజమే. అయినా జ్ఞాపకశక్తి మన కంచుకోట అన్న ధీమా మాత్రం పోయింది.

భాష విషయంలో కథ కాస్త విషాదంగా నడిచింది. 1940ల చివర్లో అమెరికాలో ఒక దంపతులు వికీ అనే చింపాంజీని బిడ్డలా పెంచి మాటలు నేర్పబోతే, ఏళ్ల తర్వాత నాలుగు మాటలు బొంగురుగా పలికింది. గొంతు సహకరించదేమోనని 1960ల్లో బధిరుల సంజ్ఞాభాష నేర్పారు. వాషో అనే ఆడ చింపాంజీ వందకు పైగా సంజ్ఞలు నేర్చింది. 1973లో పుట్టిన నిమ్ అనే చింపాంజీని న్యూయార్క్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ టెరెస్ చేపట్టాడు. నిమ్ అతి పొడవైన ‘వాక్యం’ పదహారు సంజ్ఞలది. తెలుగులో చెబితే ఇంచుమించు ఇలా ఉంటుంది: ఇయ్యి నారింజ నాకు ఇయ్యి తిను నారింజ నాకు తిను నారింజ ఇయ్యి నాకు తిను నారింజ ఇయ్యి నాకు నువ్వు. సంజ్ఞలు పెరిగాయి, చెప్పిందేమీ పెరగలేదు. వీడియోలను నెమ్మదిగా చూసిన టెరెస్‌కు ఇంకో సంగతి కనిపించింది: నిమ్ సంజ్ఞల్లో చాలావాటిని గురువు అంతకు క్షణం ముందు తనకు తెలియకుండానే చేసి ఉన్నాడు. నిమ్ వాక్యాలు కడుతోందన్న తన మొదటి నమ్మకాన్ని 1979లో ఆయన తానే బహిరంగంగా వదులుకున్నాడు. పరిశోధనలో అంతకంటే గౌరవనీయమైన పని తక్కువ.

దీంతో కథ అయిపోలేదు. కాంజీ అనే బొనొబో, తనను పెంచిన తల్లికి చిహ్నాల పలక మీద పాఠాలు చెబుతుండగా పక్కన ఆడుకుంటూనే వాటిని పట్టేసింది. ఇంగ్లీషులో అంతకు ముందెన్నడూ వినని 660 ఆదేశాలు ఇచ్చి చూస్తే 72 శాతం సరిగ్గా చేసింది. పక్కన పోల్చిన రెండేళ్ల పాప 66 శాతం చేసింది. 2025లో కాంజీ మరణించేనాటికి, అర్థం చేసుకునే సామర్థ్యం మాట్లాడే సామర్థ్యం కంటే చాలా ముందుందని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. కాని ఒక లక్షణం మాత్రం వాషో నుంచి కాంజీ దాకా వెన్నాడింది: వాటి సంజ్ఞల్లో అత్యధికం కోరికలే. ఇయ్యి, తెరువు, గిలిగింత పెట్టు.

మనింట్లో ఏడాది పిల్లకు గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపించడం గుర్తు చేసుకోండి. పిల్ల తల్లి వేలిని చూడదు, వేలు చూపిన వైపు చూస్తుంది. తిరిగి తల్లి ముఖంలోకి చూస్తుంది, నువ్వూ చూశావు కదా అన్నట్టు. మరికొన్నాళ్లకు తానే వేలు చాపుతుంది. చందమామ కావాలని కాదు, అమ్మ కూడా చూడాలని. చింపాంజీలకు ఎదుటివారు ఏం చూస్తున్నారో, ఏం చూడలేదో తెలుసు. పై అధికారం గలది చూడని చోట దాచిన పండును కింది స్థాయిది చాటుగా తీసుకుంటుందని 2000లో తేలింది. 2016లో చూపును వెంబడించే కెమెరాలతో చేసిన ప్రయోగంలో, ఒక మనిషి పొరపాటుగా ఎక్కడ వెతుకుతాడో చింపాంజీలు, బొనొబోలు, ఒరంగుటాన్లు ముందే అటు చూశాయి. దాని అర్థమేమిటన్న చర్చ ఇంకా సాగుతోంది. అంటే ఎదుటి మనసును చదవడం వాటికి కొంత వచ్చు. చదివింది పంచుకోవాలన్న ఆత్రమే తక్కువ. అదీ బొత్తిగా లేదనలేం: ఉగాండాలోని ఎన్గోగో అడవిలో ఫియోనా అనే ఆడ చింపాంజీ, తాను శుభ్రం చేస్తున్న ఆకును తల్లి చూసేదాకా దాని ముఖం ముందు పెట్టడం వీడియోకు చిక్కి 2022లో అచ్చయింది. తినడానికి కాదు, అడగడానికి కాదు. ఆ ఒక్క వీడియో మీద ఎన్ని పేజీల వాదన నడిచిందో చూస్తే, అలాంటి ఘటన ఎంత అరుదో తెలుస్తుంది.

ఇప్పుడు యుద్ధం. 1970ల మొదట్లో గోంబేలో ఒకే గుంపుగా ఉన్న చింపాంజీలు రెండుగా చీలాయి. ఉత్తరాన కాసకేలా, దక్షిణాన కహామా. 1974 జనవరిలో, ఒంటరిగా తింటున్న గోడి అనే కహామా మగదాన్ని కాసకేలా బృందం చుట్టుముట్టింది. ఒకటి దాన్ని నేలకు అదిమి పట్టుకోగా మిగతావి సుమారు పది నిమిషాలు కొట్టాయి, కరిచాయి. గాయాలతో లేచి వెళ్లిన గోడి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. 1978 నాటికి కహామా అన్న గుంపే లేకుండా పోయింది. చంపినవీ చచ్చినవీ చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవే, ఒకదాని ఒంట్లో ఒకటి పేలు చూసుకున్నవే. గూడాల్ చింపాంజీలకు అరటిపండ్లు పెట్టి మచ్చిక చేయడం వల్లే ఈ ఘోరం జరిగిందని విమర్శకులు అన్నారు. ఆ అనుమానం న్యాయమైనదే కాబట్టి దాన్ని లెక్కలతో తేల్చవలసి వచ్చింది. 2014లో 18 చింపాంజీ గుంపులపై ఐదు దశాబ్దాల సమాచారాన్ని కూడగట్టారు. కళ్లారా చూసినవి, ఆధారాలను బట్టి ఊహించినవి, అనుమానించినవి కలిపి హత్యలు 152. వాటికీ మనుషుల జోక్యానికీ పొంతన కుదరలేదు, గుంపులో మగవాటి సంఖ్యతో, జనసాంద్రతతో కుదిరింది. అదే లెక్కలో నాలుగు బొనొబో గుంపుల్లో దొరికింది అనుమానాస్పదమైన ఒకే ఒక్క మరణం.

కాంగో నదికి దక్షిణాన మాత్రమే బతికే బొనొబోలు అందుకే శాంతిదూతలుగా పేరు తెచ్చుకున్నాయి. ఆడవి జట్టు కట్టి మగవాటిని అదుపులో ఉంచుతాయి; తగవును కామంతో చల్లార్చుకుంటాయి. కొకొలోపోరి అడవిలో రెండు గుంపులు ఎదురుపడితే రోజుల తరబడి కలిసి తిరగడం, పరాయి గుంపు వాటికి పండు పంచడం 2023లో వివరంగా నమోదైంది. కాని 2024లో అదే అడవి నుంచి వచ్చిన లెక్క ప్రకారం బొనొబో మగవాటి మధ్య చిన్నాచితకా కొట్లాటలు గోంబే చింపాంజీలతో పోలిస్తే దాదాపు మూడురెట్లు. అవి చంపవు, అంతే. మన రెండు దాయాదుల్లో నచ్చినదాన్ని ఎంచుకుని ‘ఇదే మన అసలు స్వభావం’ అనే వ్యాసాలు అనేకం వస్తుంటాయి. రెండూ మనకు సమాన దూరంలోనే ఉన్నాయి. ఒకదాన్ని సాక్షిగా పిలిచి మరొకదాన్ని కోర్టు బయట నిలబెట్టడం కుదరదు.

ఈ చోట కెనడా మానవశాస్త్రవేత్త బెర్నార్డ్ షపే చేసిన వాదన నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. తెలుగువారికి అది ఇట్టే అర్థమవుతుంది కూడా. చింపాంజీల్లో మగవి పుట్టిన గుంపులోనే చివరిదాకా ఉంటాయి. ఆడవి సాధారణంగా ఈడు వచ్చాక పుట్టిన గుంపును వదిలి పొరుగు గుంపులో చేరతాయి. గోంబేలో కొన్ని ఉండిపోతాయి కాని చాలాచోట్ల వెళ్లడమే రివాజు. వెళ్లినది ఇక రాదు. పురిటికి రాదు, పండక్కి రాదు. కొత్తచోట అప్పటికే ఉన్న ఆడవి దాన్ని తరిమి కొట్టవచ్చు కూడా. దాని పిల్లకు తండ్రి ఎవరో, తల్లి అనేక మగవాటితో జతకట్టడం వల్ల, గట్టిగా తెలియదు. తల్లి పుట్టిన గుంపుతో దానికి సంబంధమే ఉండదు. సరిహద్దు దగ్గర గస్తీ తిరుగుతూ పొరుగు మగపిల్లను చంపే చింపాంజీ, ఏళ్ల కిందట వెళ్లిపోయిన తన సొంత చెల్లెలి కొడుకునే చంపుతుండవచ్చు. దానికి మేనల్లుడు అన్న మాట లేకపోవడం కాదు సమస్య, ఆ బంధం కళ్లబడే సందర్భమే లేదు.

మనుషుల్లోనూ చాలా సమాజాల్లో అమ్మాయి ఊరు మారుతుంది. కాని పుట్టిల్లు పుట్టిల్లుగానే ఉంటుంది. ఆలుమగలు కొంతకాలమైనా కలిసి ఉండటం వల్ల బిడ్డకు తండ్రి తెలుస్తాడు, తండ్రి వైపు వారు తెలుస్తారు, తల్లి వైపు వారితో రాకపోకలు సాగుతాయి. పెళ్లికూతురి అన్నకు బావ దొరుకుతాడు. రెండు ఊళ్ల పెద్దలు వియ్యంకులవుతారు. పొలిమేర అవతల మేనల్లుడు ఉన్నాడని తెలిసినవాడు రాయి విసిరే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. “కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి” అనే సామెత కయ్యాన్నీ వియ్యాన్నీ పక్కపక్కన నిలబెట్టింది ఊరకే కాదు. పొరుగు గుంపుతో మనిషికి ఉన్న దారులు ఆ రెండూ. చింపాంజీకి ఉన్నది మొదటిదే. మేనరికాలతో తరం తర్వాత తరం అదే రెండు ఇళ్లను మళ్లీ మళ్లీ ముడివేసే దక్షిణాది పద్ధతి, షపే చెప్పిన ఈ యంత్రాన్ని దాని చివరిదాకా తిప్పిన సందర్భం. దీనివల్ల యుద్ధాలు ఆగలేదన్నది వేరే చెప్పాలా? కురుక్షేత్రంలో రెండు వైపులా ఉన్నది చుట్టాలే. అర్జునుడు విల్లు కింద పెట్టింది ఎదుట నిలబడిన వారెవరో తెలిసినందుకు. ఆ తెలియడం మానవ లక్షణం, ఆ తర్వాత విల్లు మళ్లీ అందుకోవడం కూడా.

బంధువులు తెలిసిన చోట బిడ్డను చేతులు మార్చవచ్చు. ఈ ఒక్క అలవాటు నుంచే మనిషితనంలో చాలా భాగం పుట్టిందని అమెరికా శాస్త్రవేత్త సారా హ్రడీ వాదించింది. చింపాంజీ తల్లి తొలి నెలల్లో పిల్లను ఇంకెవరి చేతికీ ఇవ్వదు. ఇవ్వకపోవడానికి కారణముంది, గుంపులోని మగవీ, ఒక్కోసారి ఆడవీ కూడా పసికూనలను చంపిన ఘటనలున్నాయి. నాలుగైదేళ్లు పాలిచ్చి, ఒంటి చేత్తో సాకి, సుమారు ఐదున్నరేళ్లకు మళ్లీ కంటుంది. ఒరంగుటాన్ తల్లికైతే కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్లు. వేట, సేకరణలతో బతికే మానవ సమూహాల్లో ఆ ఎడం మూడు నాలుగేళ్లే, అదీ మన పిల్ల అన్నిటికంటే ఎక్కువకాలం ఆధారపడి బతికేదైనా. ఒక పిల్ల ఇంకా చంకలో ఉండగానే ఇంకొకటి పుడుతోందంటే, వెనక అమ్మమ్మో, పిన్నో, పెద్దక్కో, తండ్రో ఉండి తీరాలి. కాంగో అడవుల్లోని ఎఫే ప్రజల్లో పసిబిడ్డ పుట్టిన నాటి నుంచే పలు చేతులు మారుతుంది, ఇతర తల్లుల పాలూ తాగుతుంది. ఇన్ని ఒడుల మధ్య పెరిగే బిడ్డకు ఎవరి ముఖంలో ఏముందో కనిపెట్టడం, నవ్వించడం, చూపును పట్టుకోవడం బతుకుతెరువు. చందమామ వైపు చాపిన ఆ చిన్న వేలికి మూలం ఇక్కడ ఉండవచ్చు.

ఎన్గోగో చింపాంజీలు దీనికి ఒక చక్కని పరీక్ష పెట్టాయి. ముట్లు ఆగిపోయాక కూడా చాలా ఏళ్లు బతకడం మనకే ప్రత్యేకమనీ, అమ్మమ్మల సాయం కోసమే ప్రకృతి దాన్ని నిలిపిందనీ ఒక ప్రసిద్ధ సిద్ధాంతం. 2023లో ఎన్గోగో ఆడ చింపాంజీలు తమ వయోజన జీవితంలో సుమారు ఐదో వంతు కాన్పులు ఆగిన తర్వాత గడుపుతున్నాయని, మూత్రంలోని హార్మోన్లు కూడా మనలాగే మారుతున్నాయని తేలింది. అమ్మమ్మ వయసు చింపాంజీకీ ఉందన్నమాట. కాని ఆ ముసలిదాని కూతుళ్లు ఎప్పుడో పొరుగు అడవికి వెళ్లిపోయాయి. సాయం చేయడానికి ఓపిక ఉంది, ఎదురుగా మనవరాలు లేదు.

ఇదంతా రాశాక ఒక న్యాయమైన ఫిర్యాదు మిగులుతుంది. పరీక్షల్లో పిల్ల తల్లి ఒడిలో కూర్చుని తన జాతి మనిషి నుంచి నేర్చుకుంటుంది. చింపాంజీ తరచు తల్లి లేక, కంచె వెనక, పరాయి జాతి చేసే పనిని చూస్తుంది. సెయింట్ ఆండ్రూస్ పిల్లవాణ్ణి టాయీ అడవిలో రిక్కీ ముందు కూర్చోబెడితే ఎవరి తెలివి ఎంతో చెప్పడం అంత తేలిక కాదు. అనవసరపు పని అనుకరించడం మనిషికే చెల్లిందన్న మాట మీద కూడా నాకు పూర్తి నమ్మకం కుదరకుండా చేసిన చింపాంజీ ఒకటుంది. జాంబియాలోని చింఫుంషి ఆశ్రయంలో ఉండే జూలీ 2010లో, ఎందుకో తెలియదు, ఒక గడ్డిపరక తీసుకుని చెవిలో పెట్టుకుని, దాన్ని అలాగే వేలాడదీసుకుని తన పని తాను చూసుకోవడం మొదలుపెట్టింది. దానివల్ల తిండి రాదు, ఈగ పోదు. పన్నెండింటి గుంపులో సగానికి పైగా దాన్ని చూసి గడ్డిపరకలు ఏరి చెవిలో పెట్టుకున్నాయి. జూలీ చనిపోయిన తర్వాత కూడా వాటిలో రెండు ఆ అలవాటు మానలేదు.